కూలిన ఇంటి దర్వాజా

*హైదరాబాద్ పాతబస్తీలో మెట్రో కోసం ఇళ్లు తీసేస్తున్నారు. ఆ ఇళ్ల టేకు తలుపులు, దూలాలు అద్దాల చట్రాలై, గోడ అలంకారాలై, బల్లలై కొత్త ఇళ్లకు చేరుతున్నాయి. కొయ్య బతుకుతోంది. దాని ఊరూ పేరూ మాత్రం దారిలోనే జారిపోతున్నాయి.*

ఏతేబార్ చౌక్ నుంచి అలీజా కోట్లా వైపు నడుస్తుంటే కరెంటు స్తంభానికి ఆనించిన రెండు తలుపు రెక్కలు కంటబడ్డాయి. వాటి వెనక ఇల్లు లేదు. సగానికి తెగిన గోడ, గోడ మీద పిస్తా రంగు, అందులో దీపం పెట్టుకునే గూడు, గూటి పైన నల్లటి మసి. అంతే మిగిలింది. ఆటోవాళ్లు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని దుమ్ములోంచి పోతున్నారు.

తలుపుల ముందు ఒక పెద్దాయన గొంతుక్కూర్చున్నాడు. తలకు తెల్ల టోపీ, చెవి మీద పెన్సిలు. జేబులోంచి సన్న ఉలి తీసి రెక్క అడుగు అంచున గోరంత మేర గీరాడు. పైన నీలం. దాని కింద ఆకుపచ్చ. ఇంకాస్త గీరితే పాలిపోయిన తెలుపు. ఆ పొరలన్నీ దాటాక తేనె రంగు కొయ్య బయటపడింది. ఊడిన పెళ్లను వాసన చూసి నా చేతిలో పెట్టాడు. తోలు చెప్పుకు నూనె రాసినప్పుడు వచ్చే వాసన.

"సాగ్వాన్, బేటా. టేకు. నాకంటే పెద్దది. మా అబ్బాజాన్ కంటే కూడా."

"ఏం చేస్తారు చాచా దీన్ని?"

"పై పలకలు రెండు అద్దాలకు చట్రాలైతయి. కింద నీళ్లు తాగి చెడింది, అది తీసేస్తం. అడ్డపట్టీలు గోడ షెల్ఫుకు పోతయి. గొలుసు, కడియాలు ఇత్తడివి. అవి ఊకె పోనియ్య."

మాటల్లోనే ఒక తలుపు నాలుగు వస్తువులైపోయింది. ట్రాలీ ఆటో వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు రెక్కల్ని పడుకోబెట్టి తాడు బిగించారు. ఈ తలుపు ఎవరింటిదని అడిగాను. కుర్రాళ్లకు తెలియదు. చాచాకూ తెలియదు. పక్క దుకాణంలో అడుగుదామంటే ఆ దుకాణమూ లేదు.

ఏడున్నర కిలోమీటర్ల దారి

పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, శంషీర్‌గంజ్, అలియాబాద్, ఫలక్‌నుమా... పేర్లు చదివితేనే నాలుగు వందల ఏళ్ల నగరం కళ్ల ముందు నుంచి పోతుంది. రోడ్డు వెడల్పు కోసం ఆస్తుల సేకరణ మొదలైంది. 2025 జనవరిలో పరిహారం చెక్కులిచ్చి కూల్చివేతలు ప్రారంభించారు. భూమికి గజానికి 81 వేల రూపాయల చొప్పున కట్టారు.

ఈ రోడ్డు మీద ఇప్పుడు ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఇదే మాట. పరిహారం సరిపోతుందా, దుకాణం మళ్లీ ఎక్కడ పెట్టుకోవాలి, మసీదులకూ, పీర్లు నిలిపే అషుర్‌ఖానాలకూ ఇబ్బంది రాదు కదా. మెట్రో రావాలని కోరుకునేవాళ్లే ఎక్కువ. నేనూ అందులో ఒకణ్ణి. దశాబ్దాలుగా బస్సుల్లో నలిగిన జనానికి ఆ రైలు హక్కు. నా బాధ వేరే చోట ఉంది. గోడకూ గజానికీ లెక్క కట్టిన కాగితాల్లో తలుపుకు ఒక వరుస లేదు. కూలిన మర్నాటికల్లా ఆ టేకు, పాత సామాన్ల వాళ్ల గోడౌన్లలో పడి, కిలోల్లోకో అడుగుల్లోకో మారిపోతోంది.

అక్కడి నుంచి దాని కొత్త ప్రయాణం. గచ్చిబౌలి, కోకాపేట అపార్ట్‌మెంట్లలో, జూబ్లీహిల్స్ కాఫీ హోటళ్లలో పాత తలుపుకు గొప్ప గిరాకీ. రెక్కను పడుకోబెట్టి పైన గాజు పలక వేస్తే భోజనాల బల్ల. దూలం ముక్కకు నాలుగు కొక్కేలు బిగిస్తే తాళాల పట్టీ. జాలీ కిటికీ వెనక దీపం పెడితే గోడకు అలంకారం. పగిలిన పలకల మీద ఇత్తడి రేకు, అద్దం ముక్కలు, జరీ గుడ్డ, రంగులు కలిపి చేస్తే మిక్స్‌డ్ మీడియా. పేరు కొత్తది. పని మాత్రం ఈ గల్లీలకు బాగా పాతది.

కొయ్యకు తోడు

పాతబస్తీ కొయ్య ఏనాడూ ఒంటరిగా లేదు. పక్కన లోహమో, గాజో, ముత్యపు చిప్పో, లక్కో ఉండాల్సిందే.

మెట్రో దారిలోనే ఉన్న పురానీ హవేలీకి వెళ్లండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా అక్కడుంది. బీరువా అనడం కూడా తప్పేమో. బర్మా టేకుతో రెండంతస్తులుగా కట్టిన ఆ అరల వరుస పొడవు సుమారు 176 అడుగులని చెబుతారు. పైఅంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే కొయ్య లిఫ్టు. ఎక్కువమంది దాని పొడవు చూసి ఫొటో తీసుకుని కదిలిపోతారు. నేను మాత్రం తలుపు అంచుల దగ్గర ఆగిపోతాను. ఎన్ని ఎండాకాలాలు, ఎన్ని వానాకాలాలు! ఆ బారు తలుపులు ఇంకా ఒక గీతలో నిలబడి ఉన్నాయంటే కొయ్యను ఎంత ఆరబెట్టి, ఎంత చూసి కోసి ఉండాలి! అదే ఆవరణలోని నిజాం మ్యూజియంలో వజ్రాలు పొదిగిన కొయ్య రాతపెట్టె ఉంది. ఏడో నిజాం పాలనకు పాతికేళ్లు నిండిన సందర్భంగా వచ్చిన కానుకలు కొలువున్న చోటది.

ఇక్కణ్ణుంచి కూతవేటు దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబరు 16న నెహ్రూ తెరిచిన ఈ మ్యూజియంలో, 19వ శతాబ్దపు ఫ్రెంచి శిల్పం ఒకటి మనిషెత్తున నిలబడి ఉంటుంది. ఒకే సికమోర్ మొద్దు. ముందు వైపు గర్వంగా సైతాను మెఫిస్టోఫిలీస్, వెనక వైపు తలవంచిన మార్గరెట్టా. ఆమెను చూడాలంటే వెనకున్న అద్దంలోకి చూడాలి. కొయ్యకూ అద్దానికీ ఇంతకంటే మంచి జోడీ నాకు తెలియదు. చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్లినప్పుడు ఆ అద్దం దగ్గరే అందరం తోసుకున్నాం.

మూసీ ఒడ్డుకు దగ్గరలో ఉన్న బాద్‌షాహీ అషుర్‌ఖానాలో ఇంకో జోడీ కనబడుతుంది. లోపల కుతుబ్‌షాహీల నాటి రంగుల పలకలు. బయట నిజాంల కాలంలో చేర్చిన కొయ్య స్తంభాల మండపం. 1908 సెప్టెంబరు వరదకు గోడ కింది భాగంలో పలకలు ఊడిపోతే, ఆ ఖాళీలను తర్వాత రంగులతో పూడ్చారు. పోయినదాని చోట ఇంకో వస్తువు పెట్టి, అది పోయిందని కనబడేలాగే వదిలారు. ఇవాళ పాత తలుపులతో పనిచేసేవాళ్లు వెళ్లి చూడాల్సిన గోడ అది.

ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ఉన్న బీదర్ కోటలోని రంగీన్ మహల్ సంగతి చెప్పకుండా ఈ వరుస పూర్తికాదు. చెక్కిన కొయ్య స్తంభాలు, నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్ప. ఆ మహల్‌కు రంగుల పేరు ఊరికే రాలేదనిపిస్తుంది, సాయంత్రం వెలుతురు ఆ చిప్ప మీద పడినప్పుడు.

---

■ ఒకే లక్క, మూడు పనులు

మోదుగు, రేగు, కుసుం చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురే లక్క.

లాడ్ బజార్‌లో బొగ్గుల సెగ మీద దాన్ని మెత్తబరిచి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటిగా పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దితే టేకు మీద మెరుపు. పాత దేవిడీల్లోని, అంటే నవాబుల భవంతుల్లోని, కుర్చీల మెరుపు ఇదే.

ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి బొమ్మకు పట్టుకుంటుంది.

---

దేవిడీలు ఖాళీ అయిన కథ

ఈ టేకంతా ఎక్కడిది? కొంత ఆదిలాబాద్ అడవులది, కొంత బర్మా నుంచి ఓడల్లో వచ్చినది. నెమ్మదిగా పెరిగిన చెట్టు కాబట్టి వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. లోపల నూనె ఉంటుంది కాబట్టి చెద అంత తొందరగా మూతిపెట్టదు. ఈ కొయ్యతోనే నవాబుల దేవిడీలు లేచాయి.  గల్లీల్లోని మామూలు ఇళ్లకూ దూలం, దంతెలు, మొగురం, దర్వాజా ఇదే కొయ్యతో అమిరాయి.

1948 సెప్టెంబరు పోలీసు చర్య, మరుసటి ఏడాది జాగీర్ల రద్దు. రాబడి ఆగిపోయిన దేవిడీల్లో ముందు నౌకర్లు తగ్గారు, తర్వాత సామాను తగ్గింది. బేగంలు పెట్టెలు, అల్మారాలు, దంతం పొదిగిన బల్లలు గుట్టుగా అమ్ముకున్నారు. వాటా పంచుకున్న వారసులు ఆవరణల మధ్య గోడలు లేపారు. ఆపైన గల్ఫ్ డబ్బు వచ్చింది. దుబాయ్, జెద్దాల్లో చెమటోడ్చిన కొడుకు ఇంటికి పంపిన మొదటి పెద్ద మొత్తంతో పైకప్పు స్లాబు అయింది. పెంకులు దిగాయి, దంతెలు దిగాయి. ఆ కొడుకును తప్పుపట్టే మనసు నాకు లేదు. వానకు కారే కప్పు కింద పెరిగినవాడికి స్లాబు విలువ తెలుసు.

పెద్ద కట్టడాలకూ గతి అదే. చార్మినార్ దగ్గర 1845లో కట్టిన మాల్‌వాలా ప్యాలెస్‌ చెక్కపనికి పేరుమోసినది. 2000లో దాన్ని చాలావరకు కూల్చేశారు. నగరంలో వారసత్వ కట్టడాలకు నిబంధన వచ్చింది, జాబితా వచ్చింది, 2015లో ఆ నిబంధనే రద్దయింది, 2017లో కొత్త చట్టం వచ్చింది. ఇన్ని మలుపుల్లోనూ లెక్కలోకి వచ్చింది భవనాలే. ఏ జాబితాలోనూ లేని రెండు గదుల ఇంటి దర్వాజాను ఏ కాగితం కాపాడుతుంది?

హరిబౌలి గడప

అక్కన్న మాదన్న గుడి ఉన్న హరిబౌలిలో ఒకావిడను కలిశాను. డెబ్బై దాటిన మనిషి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తలుపులూ కిటికీలూ అమ్మేశారు కొడుకులు. ఆవిడ గడప దగ్గర అడ్డం నిలబడిందట.

"ఏళ్ల తరబడి నేను పసుపు రాసిన. మా అత్తమ్మ రాసింది. దీన్ని గోడౌన్ల పడేస్తనంటే నేనెట్ల ఒప్పుకుంట బిడ్డా?"

ఆ గడపను వడ్లాయన అంగుళమైనా కోయలేదు. నిలువుగా గోడకు బిగించి, మధ్యలో మూడు చిన్న అరలు పెట్టాడు. పై అరలో దేవుడు, కింద ఆవిడ మందుల డబ్బా. పొరలుపొరలుగా పేరుకున్న పసుపు కుంకుమలను గీకకుండా, రాలిపోకుండా పైన ఒక్క పూత పాలిష్ వేశాడు. అడుగు పెట్టీ పెట్టీ మధ్యలో అరిగిన చోట దోసిలంత గుంట ఉంది. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గుంటలో వేళ్లు ఆడిస్తోంది. ఈ వ్యాసం కోసం తిరిగిన రోజుల్లో నేను చూసిన వాటిలో ఇంతకంటే అందమైన గృహాలంకరణ లేదు.

కార్ఖానాలో ఒక మధ్యాహ్నం

ఏతేబార్ చౌక్‌లో కలిసిన చాచా కార్ఖానా ఒక మంచం పట్టేంత గది. మిగతా పనంతా వాకిట్లోనే. నేను వెళ్లేసరికి ఆ నీలం తలుపు విడిపోయి ఉంది. ఎక్కడా విరగ్గొట్టలేదు. ఒక ముక్క నాలుక రెండో ముక్క గాడిలోకి దిగి ఉంటుంది. ఆ రెంటినీ కలిపి అడ్డంగా వెదురు చీల కొట్టి ఉంటుంది. ముందు చీల బయటికి తన్నాలి, తర్వాత కొయ్య సుత్తితో మెల్లగా తట్టాలి. ఎంత కోపమొచ్చినా ఇనుప సుత్తి ముట్టుకోరాదని చాచా శాసనం. మేకులు ఉన్నచోట ముందు చుట్టూ నూనె చుక్కలు వేసి, రాత్రంతా వదిలి, పొద్దున పీకుతాడు.

రంగు తీయడానికి ఆయన వాడేది పగిలిన గాజుపెంకు. చేతికి గుడ్డ చుట్టుకుని, పెంకు అంచును కొయ్య మీద వాల్చి లాగితే సన్నటి పొర ముడుచుకుంటూ లేస్తుంది. నీలం మొత్తం తీసేశాడు. ఆకుపచ్చ సగం తీశాడు. చెక్కిన పువ్వు లోతుల్లో ఉన్నదాన్ని అలాగే ఉంచాడు.

"మొత్తం గీకితే ఇది నిన్న కోసిన టేకు లెక్క అయితది. అప్పుడు పాతదెందుకు, దుకాణంల కొత్తది కొనుక్కోరాదు?"

పువ్వు రేకుల మధ్య ఖాళీల్లో లక్క కరిగించి నింపాడు. ఒక చోట రేకు పూర్తిగా విరిగిపోయింది. దాని బదులు ఇత్తడి పళ్లెం ముక్క కోసి, రేకు ఆకారంలో సుత్తితో వంచి, చిన్న మేకుతో కూర్చోబెట్టాడు. మేకు రంధ్రాలను పూడ్చలేదు. పగుళ్లను మాత్రం రంపపు పొట్టు, జిగురు కలిపి నింపాడు. కొండపల్లిలో చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి బొమ్మల అవయవాలను అతికే మక్కు ఇలాంటిదే. చేర్యాల వాళ్లు ముఖాలు, బొమ్మలు చేసేదీ పొట్టు, చింతగింజల గుజ్జుతోనే. వడ్రంగి ఊడ్చిపారేసే దాన్ని తెచ్చి కళ చేశారు మనవాళ్లు.

అద్దం బిగించేటప్పుడు చాచా ఒక పని చేశాడు. నాలుగు వైపులా చట్రానికీ అద్దానికీ మధ్య గోరు దూరేంత సందు వదిలాడు. కొయ్య వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. సందు లేకపోతే ఆషాఢంలో అద్దం ఫట్‌మంటుంది.

ఇదంతా అయ్యాక ఆ అద్దం ఏ పేరుతో ఎవరికి పోతుందని అడిగాను. షోరూమ్‌వాళ్లు తీసుకెళ్తారట. ఎంతకు అమ్ముతారో చాచాకు చెప్పరు. ఆయనకు రోజుకూలి. అద్దం వెనక షోరూమ్ స్టిక్కరు ఉంటుంది. గాజుపెంకుతో రెండు రోజులు గీకిన చేతి పేరు ఎక్కడా ఉండదు.

---

■ మీ ఇంట్లోనే చేసుకుంటుంటే

పాత రంగును కాల్చి తీయవద్దు. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి పెయింట్లలో సీసానికి గట్టి పరిమితి పెట్టిన నిబంధనలు అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. తడిపి గీకండి, మూతికి మంచి మాస్కు కట్టుకోండి. పిల్లల్నీ గర్భిణులనూ ఆ దరిదాపులకు రానీయొద్దు.

కూల్చిన ఇంటి కొయ్యను తేగానే పని మొదలుపెట్టకండి. గాలి ఆడే నీడలో కొన్ని వారాలు వదలండి. సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. ముందు దానికి మందు వేయించండి.

లక్క పాలిష్ వేసిన బల్ల మీద వేడి చాయ్ కప్పు పెడితే తెల్ల మచ్చ పడుతుంది. భోజనాల బల్లకు వేరే పూత కావాలి. గోడ అలంకారాలకు లక్క గానీ, అవిసె నూనె గానీ, మైనం గానీ బాగుంటుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతటవే రాజుకోగలవు. నీళ్లలో ముంచి, పరిచి ఆరేయండి.

ఏనుగు దంతం ఉన్న పాత వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా కొనకండి, అమ్మకండి. చట్టం ఒప్పుకోదు. తెల్లని పొదుగుడుకు ముత్యపు చిప్ప చాలు.

---

నా కిటికీకి జరిగింది

కొన్నేళ్ల కిందట జుమేరాత్ బజార్‌లో ఒక కిటికీ చట్రం కొన్నాను. నాలుగు కొయ్య కడ్డీలు, పైన చిన్న కమాను, కమానులో ఎవరో పిల్లాడు మేకుతో గీసిన పతంగి బొమ్మ. ఫొటో చట్రంగా మార్చమని ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాను. వారం తర్వాత తెచ్చుకునేసరికి అద్దంలా మెరిసిపోతోంది. మిషను పట్టించి, లప్పం పెట్టి, నాలుగు పూతలు లామినేషన్ లాంటి పాలిష్ కొట్టారు. పతంగి లేదు. శుభ్రంగా చేశాం సార్ అన్నారు, ఎంతో సంతోషంగా. వాళ్ల తప్పు కాదు. ఏది ఉంచాలో నేను చెప్పలేదు.

అప్పటి నుంచి పాత కొయ్యను పూర్తిగా రెజిన్‌లో ముంచేసే బల్లలను చూస్తే నాకు ఊపిరాడదు. అందంగా ఉండవని కాదు. కొయ్యను ముట్టుకోవాలి. వేలికి గాడి తగలాలి, మేకు రంధ్రం తగలాలి, ఎవరో గీసిన పతంగి తగలాలి. ప్లాస్టిక్ పొర కింద అవన్నీ కనబడతాయి, చేతికి అందవు.

ఈసారి చాచా దగ్గర ఒక అద్దం చేయించుకున్నాను. షోరూమ్ ద్వారా కాకుండా నేరుగా. డబ్బు ఆయన చేతికే ఇచ్చాను. వెనక చెక్క మీద ఆయన చేతే పేరు రాయమన్నాను. సిగ్గుపడ్డాడు. పెన్సిలు చెవి మీద నుంచి తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి, ఉర్దూలో రాశాడు. దాని కింద నేను తెలుగులో రాశాను: ఏతేబార్ చౌక్ నుంచి అలీజా కోట్లా పోయే రోడ్డు, నీలం తలుపు, 2025. ఇంటివాళ్ల పేరు కోసం ఒక వరుస ఖాళీ వదిలాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

మెట్రో పని ఇంకా సాగుతుంది. ఇంకొన్ని తలుపులు దిగుతాయి. మీరు ఆ దారిలో ఇల్లు ఇస్తున్నవాళ్లయితే, తలుపు ట్రాలీ ఎక్కేలోగా ఒక్క ఫొటో తీసి, రెక్క వెనక ఇంటి నంబరూ గల్లీ పేరూ రాయండి. కొంటున్నవాళ్లయితే, ధర అడిగే ముందు ఇది ఏ గల్లీదని అడగండి. చేసిన మిస్త్రీ పేరు వెనక రాయించండి. పెన్సిలు చాలు.